ఎడమకు నడిచిన అంకెలు

నేను ఒక సంఖ్యను. పూర్తి పేరు రెండువందల పద్నాలుగు కోట్ల డెబ్బైనాలుగు లక్షల ఎనభైమూడు వేల ఆరువందల నలభైఏడు. పిలిచేవాళ్లకు ఆయాసం వస్తే ఆ తప్పు నాది కాదు. ముప్పై ఒక్క రెండ్లను వరుసగా గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే పుట్టాను. ఆ ఒకటి తీయకపోతే రెండు నన్ను ముక్కలుముక్కలు చేసేది. తీసేసరికి మొండిదాన్నయ్యాను. ఒకటీ నేనూ తప్ప నన్ను శేషం లేకుండా భాగించేది లేదు. మనుషులు నన్ను ప్రధాన సంఖ్య అంటారు.

ఆ మాట పుస్తకాల్లోకి ఎక్కి చాలాకాలమైంది. తెనాలిలో లెక్కల పాఠాలు చెప్పే వైదేహి మాత్రం పుస్తకాన్ని నమ్మి ఊరుకోలేదు. అరవైరెండుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలకే నన్ను భాగించే అవకాశం ఉందని ఆమెకు తెలుసు. కాలేజీ బస్సులో కూర్చుని, కళ్లు మూసుకుని, అలాంటివాటిని ఒక్కొక్కటే నా మీదికి వదిలేది. మూడువందల పదకొండు వచ్చింది, ముప్పై అయిదు మిగిలింది. పక్కసీటామె నిద్రనుకునేది. నాకైతే ఒళ్లంతా చక్కిలిగిలి.

ఆమె పంతం వేరే ఉంది. కాగితం, కలం ముట్టకుండా సభలో అడిగిన లెక్కలన్నిటికీ జవాబు చెప్పే గణితావధానం చేయాలని. సాహితీ సమితి కార్యదర్శి ఆహ్వానంలో 'గణిత ప్రదర్శన' అని అచ్చు వేయించాడు. "ముందు గట్టెక్కమ్మా, అవధాని అని అప్పుడు పిలుద్దాం" అన్నాడు. ఆమె తల ఊపింది.

సభలో ఒకరు పది అంకెల ప్రధాన సంఖ్యను పద్యంలో చెప్పమన్నారు. ఆమె నన్నే ఎంచుకుంది! పాతకాలపు పద్ధతిలో అంకెలకు బదులు పేర్లు: మునులంటే ఏడు, చంద్రుడంటే ఒకటి. మునులు, వేదాలు, ఋతువులు, అగ్నులు, వసువులు, సముద్రాలు, గిరులు, యుగాలు, చంద్రుడు, నేత్రాలు అంటూ పద్యం సాగింది. అవధానిని ఆటపట్టించడానికి కూర్చున్న ప్లీడరు భుజంగరావు విన్నది విన్నట్టు బోర్డు మీద రాసుకుపోయాడు.

"ఏందమ్మా ఇది? చివర రెండుంది! రెండుతో పోద్దని పిల్లలక్కూడా తెలుసు గదా!"

సభ గొల్లుమంది. కార్యదర్శి వాచీ చూసుకున్నాడు. నోరుంటే నేనే అరిచేదాన్ని. తలకిందులుగా వేలాడుతున్నాను మరి!

వైదేహి బోర్డు వైపు తిరిగింది. "రాసింది నా సంఖ్య కాదండీ. పేర్లతో చెప్పే అంకెలు ఎడమవైపుకి నడుస్తాయి. మునుల్ని కుడిచివర కూర్చోబెట్టండి."

భుజంగరావు చెరిపి, కుడి నుంచి ఎడమకు రాశాడు. రెండు మొదటికి వచ్చింది, ఏడు చివరికి పోయింది. నేను నిటారుగా నిలబడ్డాను. ఆయన ఊరుకోలేదు, నా అంకెలన్నీ కూడి నలభై ఆరు తేల్చాడు. మూడుతో పోనన్నాను. ఏడుతో కుస్తీ పట్టాడు. ఒకటి మిగిలింది.

"లొంగట్లేదమ్మా!"

"లొంగదండీ. నేనూ చాలా రోజులు చూశాను."

ఈసారి సభ ఆమె పక్షాన నవ్వింది. చివర్లో అవధాన నియమం ప్రకారం, సభలో తానిచ్చిన జవాబులన్నీ మొదట్నుంచీ అప్పజెప్పింది. ఎక్కడా తడబడలేదు.

ఎవరో తడిగుడ్డతో బోర్డు తుడిచేశారు. తుడిస్తే పోయేదాన్ని కాను కనుక నాకు బెంగ లేదు. నా బెంగంతా కార్యదర్శి మీదే. అతను శాలువా పట్టుకుని నిలబడి, ఏమని పిలవాలో తెలియక గొంతు సవరించుకుంటున్నాడు.

భుజంగరావే లేచాడు, చేతులకున్న సుద్ద దులుపుకుంటూ.

"అవధానిగారూ, ఇట్లా ముందుకు రండి."