గరిటెకి సన్మానం

ఆమె మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఆయన వెనకాల నిలబడి అడిగాడు. "పొద్దున్నుంచీ కాఫీ ముట్టుకోలేదు కదా? కారం తినలేదు కదా?" లేదంది. ఉప్పూ కారం లేని అన్నం రెండు ముద్దలు మింగింది, అంతే. ఆకలేస్తోందా అని ఆయన ఏనాడూ అడగలేదు. ఆయనకు కావలసింది ఆమె నాలుక.

పత్రికలో వైన్ల మంచిచెడ్డలు రాసే పెద్దమనిషి ఆయన. రెండేళ్ల కిందట ఒక జ్వరం వచ్చి ముక్కు మొద్దుబారిపోయింది, దాంతోపాటు రుచీ పోయింది. డాక్టర్లు చేతులెత్తేశారు. సంగతి బయటికి పొక్కితే కొంప మునుగుతుందని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కడికెళ్లినా ఆమె సరదాకన్నట్టు ఆయన గ్లాసులో ముందుగా ఒక గుక్క తాగుతుంది. బాగుంటే గ్లాసు ఆయన వైపు జరుపుతుంది, బాగోకపోతే ఉన్నచోటే వదిలేస్తుంది. వివరాలన్నీ ఇంటికొచ్చాక చెబుతుంది, ఆయన రాసుకుంటాడు. కాపురానికొచ్చిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైందన్నందుకు "నీ రుచులు నీ పుట్టింట్లో చూసుకో" అని అత్తగారు ఆడిపోసుకున్నది ఈ నాలుకనే.

మొన్నామధ్య ఆమె నోరు తెరిచి అడిగింది, వ్యాసం కింద తన పేరు కూడా చిన్నక్షరాల్లో వేయించమని. ఆయన పగలబడి నవ్వాడు. "వంట బాగుంటే గరిటెకి సన్మానం చేస్తారటే?"

ఇస్త్రీ అయ్యాక, ఆ మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లింది బీరుకి పేరుపడ్డ చోటు. గోడ పొడుగునా బీరు పంపులు, జిగటగా బల్లలు, టీవీలో ఏదో ఆట. వైన్ అడిగినవాళ్లను వింతగా చూసే ఆ పబ్బులో కొత్తగా నాలుగు రకాలు పెట్టారు. వాటికి ఈయన చేత మంచిమాట అనిపించుకుని, ఫోనులో వీడియో తీసి నలుగురికీ చూపించాలని యజమాని ఆశ. పాపం, మర్యాదస్తుడు. ఆమెకి కూడా ఒక గ్లాసు తెప్పించబోయాడు.

"ఆవిడకెందుకండీ దండగ," అన్నాడు మొగుడు. "మా ఆవిడకి వైనూ ఒకటే, గిన్నెలు కడిగిన నీళ్లూ ఒకటే." పక్క బల్ల వాళ్లు కూడా నవ్వారు. వీడియోలో పడకుండా కాస్త అటు జరగమని ఆమెకి చేత్తో సైగ చేశాడు. ఆమె కుర్చీ జరుపుకుని తనూ నవ్వింది. నవ్వకపోతే ఇంటికెళ్లాక అదో రభస.

ఎప్పటిలాగే ఆయన గ్లాసులో తనే ముందు ఒక గుక్క వేసింది. మొదటిది పలచనే గానీ తప్పు పట్టడానికేం లేదు, జరిపింది. రెండోది వదిలేసింది. ఆయన రెండింటి గురించీ తగినట్టే మాట్లాడాడు. మూడోది నోటి దాకా రాకముందే ఘాటు ముక్కుకి కొట్టింది. గుక్క దిగేసరికి ఖాళీ కడుపు భగ్గుమంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన సీసా, పూర్తిగా పులిసిపోయింది. ఆమె గ్లాసు కింద పెట్టింది. ఆయన చూపు ఆమె మొహం మీద లేదు, ఎప్పటిలాగే వేళ్ల మీద ఉంది. రెండు వేళ్లతో గ్లాసుని మెల్లగా ఆయన వైపు జరిపింది.

ఆయన తాగాడు, కళ్లు మూసుకున్నాడు, తలాడించాడు. "ఇదండీ వైనంటే. ఇప్పటిదాకా పోసిన మూడింటిలో దీనికి సాటి లేదు. ఇంత సున్నితమైన వాసన ఈ మధ్యకాలంలో నేను చూడలేదు." ఇంకో గుక్క కూడా వేశాడు.

యజమాని గ్లాసు అందుకుని వాసన చూశాడు. అతని మొహంలో రంగులు మారాయి. ఫోను పట్టుకున్న చెయ్యి దించడం కూడా మరిచిపోయాడు. "సార్, పొరపాటైంది. ఇది మాంసం నానబెట్టడానికని మా వంటాయన పక్కన పెట్టుకున్న పాత సీసా. అయినా... మీకు తెలియలేదా?"

మొగుడు గిర్రున ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పలేదేం?"

పక్క బల్ల వాళ్లు ఇటు తిరిగారు. తనేమన్నాడో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. ఫోను ఇంకా ఆయన వైపే ఉంది.

"నాకేం తెలుసండీ, గరిటెని," అంది ఆమె, మూతి తుడుచుకుంటూ.

నాలుగో గ్లాసు ఇంకా ఆమె ముందే ఉంది. దాన్ని పక్కకి నెట్టి, యజమాని వైపు తిరిగి, బాగా కారంగా తినడానికి ఏముందని అడిగింది.