తూముకు బాకీపడ్డ పాలు

ఇరవై ఆరేళ్ళుగా జోహర్ మనసులో ఒక సందేహం కదలకుండా కూర్చుని ఉంది: పైవాటాలో ఉండిన తామూ అక్క చెయ్యి పడిపోయింది తన వల్లేనా?

అప్పటికి జోహర్ పెళ్ళయి మూడు నెలలు. సలే ఊరి పాతబస్తీలోని ఈ ఇంట్లోనే కాపురం. మేడ మీద తామూ, కింద తను. ఒకరోజు బట్టలు ఉడకబెట్టిన నీళ్ళు మండువాలోని తూములో గుమ్మరించింది. వేడినీళ్ళు పోసేముందు బిస్మిల్లా అనాలి, అది విని తూము కింద ఉండే జిన్నులు తమ పిల్లల్ని పక్కకు లాక్కుంటారు. జోహర్ మరిచిపోయింది. చూసిన తామూ తిట్టలేదు. నీలిపూల గిన్నెలో పాలు తెచ్చిచ్చి, తూములో పోసి క్షమించమని అడగమంది. పొయ్యి మీద కూర మాడుతోందని జోహర్ ఆ గిన్నెను గూట్లో పెట్టింది. పాలు అక్కడే విరిగిపోయాయి. మూడో రోజు తామూ కుడిచెయ్యి పడిపోయింది. నెల తిరక్కుండా జోహర్ ఇల్లు మారింది. సామాన్లతోపాటు గిన్నె కూడా వెళ్ళిపోయింది.

ఇప్పుడు భర్త లహ్సెన్ పింఛనుకు అందే అద్దె ఈ ఇంటిదొక్కటే. తొమ్మిదేళ్ళుగా తాళం పడి ఉంది. భార్యాభర్తలు పావురాల రెట్టలు గీకారు, పెచ్చులూడిన గోడలకు సున్నం వేశారు. శుక్రవారానికి ఇప్పుడుంటున్న ఇల్లు ఖాళీ చెయ్యాలి. అన్ని గోడలూ ఆరాయి. తూము పక్క గోడ మీద మాత్రం అరచేతంత తడి, మూడుసార్లు సున్నం పూసినా మళ్ళీ పైకి తేలింది. మధ్యాహ్నం అజాన్ అయ్యాక ఇల్లు సద్దుమణిగితే తూములోంచి చప్పుడు వచ్చేది, కాలిన చేతిమీద ఎవరో మెల్లగా ఊదుకుంటున్నట్టు.

లహ్సెన్ ఇనుపచువ్వ దింపి చూశాడు. ఏమీ తగల్లేదు.

"గాలే. వాళ్ళే ఉన్నారంటావా, అద్దెలో సగం ఇమ్మను. మనకూ భారం తగ్గుతుంది."

జోహర్ నవ్వలేదు. దేవుడి అనుమతి లేనిదే ఏదీ తాకదని తనకు తెలుసు. మరి తన మరపుకు అనుమతి ఎవరిచ్చినట్టు? ఇది తేలకుండా ఈ ఇంట్లో పడుకోలేనని భర్తతో చెప్పేసింది. గురువారం మధ్యాహ్నం ఆ గిన్నె తోమి, ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు గనుక నిండా పాలు పోసుకుని, వెనకసందులో కొడుకు దగ్గరుంటున్న తామూ తలుపు తట్టింది.

తామూ ముందు గిన్నెను చూసింది, తర్వాత మనిషిని. జోహర్ గడపలోనే నిలబడి అంతా చెప్పేసింది. పాలు పోయలేదని కూడా.

"డాక్టరు నరమన్నాడు. మా అత్త తూమంది. చెయ్యి మాత్రం ఇంతవరకూ ఏమీ చెప్పలేదు" అంది తామూ.

"మరి నువ్వేమనుకున్నావు అక్కా?"

"నా గిన్నె ఎత్తుకుపోయావనుకున్నాను." చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది. "పద. ఈ పాలు నాకంటే ముందు అందాల్సినవాళ్ళు తూములో ఉన్నారు."

మండువాలో ఇద్దరూ తూము దగ్గర కూర్చున్నారు. లోపల ఊదుతున్న చప్పుడు తామూకూ వినిపించింది. జోహర్ పైకే బిస్మిల్లా అని, క్షమించమని అడిగి, సగం పాలు సన్నటి ధారగా పోసింది. తూము ఇంకొక్కసారి ఊది ఆగిపోయింది. గాలి పడిపోయిందో, మరేమో.

మిగిలిన పాలతో గిన్నెను తామూ ఎడమచేతికి అందించింది.