సార్‌ని పిలుస్తా

సత్యమ్మకు ఈ దేశంలో ఉండే వీలు లేదని ఇమ్మిగ్రేషన్ వాళ్లు తేల్చి చెప్పినప్పుడు మా శాండ్రింగ్‌హామ్ పేటలో మనవాళ్లంతా వాళ్లనే తిట్టారు. నేను తిట్టలేదు. నేను తిట్టాల్సిన వాళ్లందరూ రోజూ నా కొట్టుకొచ్చి పప్పూ ఉప్పూ కొనుక్కెళ్లేవాళ్లే.

నాకు అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉంది. సత్యమ్మ నాకు వరుసకు వదిన. చిన్న వయసులోనే మొగుడు పోతే హన్మకొండలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసుకుంటూ బతికింది. నేను అన్నా అని పిలిచే శ్రీపతన్నది పక్క పేట, మౌంట్ రాస్కిల్. కొడుకు సృజన్ దగ్గరికి భార్యతో సహా వచ్చి సెటిలయ్యాడు. ఇక్కడే ఉండిపోయేందుకు రెసిడెన్సీ వచ్చిన కొన్నాళ్లకే భార్య లక్ష్మమ్మ పోయింది. ఆ తర్వాత మనిషి నా కొట్టుకొచ్చి ఏమీ కొనకుండా చాలాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. చూడలేక నేనే సంబంధం చెప్పాను.

2004లో హన్మకొండ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లయింది. సాక్షి సంతకం నాదే. ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తానంటే అన్న ఒప్పుకోలేదు. "ఈ వయసుల ఫొటోలేంది నాగమణీ, నవ్వుతరు" అన్నాడు. పాడు సిగ్గు అక్కడే మొదలైంది.

మళ్లీ పెళ్లికి ఎందుకు ఒప్పుకున్నావని వదినను అడిగాను. "అందరికి పెట్టి ఆఖర్ల ఒక్కదాన్నే తినుడు అలవాటైపోయింది. ఒకలి పక్కన కూసోని తినాలని ఉన్నది" అంది.

వదిన మౌంట్ రాస్కిల్ ఇంట్లో దిగిన వారానికే కోడలు రుచిత స్నేహితులు వచ్చారు. ఈవిడెవరని అడిగారు. "మామయ్యకు వంట చేయడానికి ఇండియా నుంచి పిలిపించాం" అంది రుచిత తడుముకోకుండా. సృజన్ తల దించుకున్నాడు. శ్రీపతన్న టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. వాళ్లు వెళ్లాక, "కొన్ని దినాలు ఆగు సత్తెమ్మా, పిల్లలే మెల్లగ చెప్తరు" అని బతిమాలాడు. ఆ రోజు నుంచి వదిన పుస్తెలు జాకెట్ లోపల వేసుకుంది. నలుగురిలో మొగుణ్ని 'సార్' అని పిలవడం నేర్చుకుంది.

నాకు ఒళ్లు మండింది. "పెండ్లాం అని చెప్పనీకి నోరు పెగలదా అన్నా?" అని కొట్లోనే నిలదీశాను. "చెప్త, చెప్త" అన్నాడు. చెప్పలేదు.

కానీ వాళ్లది దొంగ కాపురమని ఎవరైనా అంటే మాత్రం చెంప పగలగొడతాను. చుట్టాలూ పక్కాలూ వెళ్లిపోగానే అన్న తనే రెండు కంచాల్లో అన్నం పెట్టుకుని పెరటి మెట్ల మీదికి తెచ్చేవాడు. పక్కపక్కన కూర్చుని తినేవాళ్లు. పెరట్లో ఆమె వేసిన గోంగూరకు అతను నీళ్లు పోసేవాడు. ఏడాది తిరక్కుండా అతని కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంగ్లీషు రాని వదిన బస్సు నంబర్లు నేర్చుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి, మెషీను పక్కన కూర్చుని, మళ్లీ ఇంటికి తీసుకొచ్చేది. ఆ కిడ్నీలతో అతను ఇక ఇండియాలో ఉండలేడు. ఆమె ఇక్కడ ఉంటేనే ఇద్దరూ కలిసి ఉండేది.

అన్న ఆమెను స్పాన్సర్ చేసి రెసిడెన్సీకి అప్లై చేశాడు. చుట్టుపక్కల వాళ్లు మిమ్మల్ని భార్యాభర్తలుగా ఎరుగుదురా అన్నది కూడా చూస్తారని లాయరు ముందే హెచ్చరించాడు. "ఒక్కింట్లనే ఉంటున్నం గద" అని అన్న కొట్టిపారేశాడు.

2006 కార్తీక మాసంలో ఆ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పీటల మీద సృజన్, రుచిత. హాలు నిండా మనవాళ్లు. గోడకు దండ వేసిన లక్ష్మమ్మ ఫొటో. వదిన వంటింట్లో ప్రసాదానికి రవ్వ వేయిస్తోంది. అప్పుడు బెల్లు మోగింది. నిరుపమ అని రుచిత స్నేహితురాలు తలుపు తీసింది. చేతిలో ఫైలుతో ఒక తెల్లావిడ నిలబడి ఉంది. తను ఇమ్మిగ్రేషన్ ఆఫీసరునని చెప్పి, శ్రీపతి గారి భార్య ఉన్నారా అని అడిగింది.

"ఆంటీ పోయి చాలా కాలమైంది" అని నిరుపమ జాలిగా ఫొటో చూపించింది.

"మరి సత్యమ్మ ఎవరు?"

"వంటావిడ. చాలా బాగా వండుతుంది. లోపల ఉంది, రండి."

పాపం, నిరుపమది తప్పని ఎలా అంటాను? ఆమెకు తెలిసిన నిజం అదే. గుంపును తోసుకుని నేను వంటింటి దాకా వెళ్లేసరికే ఆఫీసరు, మీరు శ్రీపతి గారికి ఏమవుతారని అడిగేసింది. వదినకు ప్రశ్న అర్థమైంది. ఆస్పత్రిలో నర్సులు రోజూ అడిగే ప్రశ్నే. అక్కడ 'వైఫ్' అని జవాబు చెప్పేది. ఇక్కడ గుమ్మంలో మూగిన మొహాలను చూసింది. రుచితను చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"సార్‌ని పిలుస్తా" అంది.

ఆ ముక్కలో ఆఫీసరుకు అర్థమైంది 'సార్' ఒక్కటే. రాసుకుంది.

శ్రీపతన్న లేచొచ్చాడు. వదిన మొహం చూశాడు. ఇన్నాళ్లూ పెగలని నోరు అప్పుడు పెగిలింది. ఆమె పక్కన నిలబడి, ఇల్లంతా వినబడేలా ఇంగ్లీషులో, "ఈమె నా భార్య" అన్నాడు.

పంతులు మంత్రం ఆపేశాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "అంకుల్ జోక్ చేస్తున్నారు" అంది ఒకావిడ. ఆఫీసరు ఆ మొహాలన్నీ చూసింది. తర్వాత సృజన్‌ని అడిగింది, నిజమేనా అని. సృజన్ తల్లి ఫొటో వైపు చూశాడు, స్నేహితుల వైపు చూశాడు. "అది మా ఇంటి విషయం. ఇప్పుడు మాట్లాడలేను" అన్నాడు.

"నిజమే! నా కళ్లముందే పెళ్లయింది. సంతకం పెట్టింది నేనే" అని అరిచాను. ఆఫీసరు మర్యాదగానే నా పేరు రాసుకుని, ఈ ఇంట్లో ఇంకా ఎవరికి తెలుసని అడిగింది. నేను వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో మూగినవాళ్లు ఒక్కొక్కరే హాల్లోకి జారుకున్నారు.

ఒకే ఇంట్లో ఉంటున్నారు గానీ భార్యాభర్తలుగా ఉంటున్నారని నమ్మలేకపోతున్నామని ఇమ్మిగ్రేషన్ నుంచి జవాబొచ్చింది. అప్పీలు చేసుకోవచ్చన్నారు. శ్రీపతన్న నీరసంతో తూలుతూ ఇల్లిల్లూ తిరిగాడు. వాళ్లు భార్యాభర్తలేనని అందరూ ఉత్తరాలు రాసిస్తామన్నారు. సృజన్ కూడా ఏడ్చి, నేనూ రాస్తా బాపూ అన్నాడు. వదిన మాత్రం ససేమిరా అంది.

"ఇన్ని దినాలు నన్ను వంటమనిషన్నోళ్లతోని ఇప్పుడు పెండ్లాన్నని రాయించుకోవాల్నా? మళ్లొకరు ఇంటికొచ్చి నేను ఎవలనో అడగాల్నా? ఈ పానం ఇంక ఓర్సుకోదు నాగమణీ."

"మరి అన్న?"

వదిన గోంగూర మడి దగ్గర కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను.

ఎయిర్‌పోర్టుకు నేనే డ్రైవ్ చేశాను. డయాలసిస్ లేని రోజు చూసి టికెట్ తీశారు. అన్న వెనక సీట్లో వదిన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

కౌంటర్‌లో ఒక కివీ పిల్ల, ఈ దేశపు పిల్లే, ఉంది. అన్న బ్యాగు ఎత్తి తూకానికి పెట్టబోయి ఎత్తలేకపోయాడు. వదిన చటుక్కున అందుకుని, "మీరు మొయ్యొద్దని డాక్టర్ చెప్పలే?" అని కసిరింది. ఆ పిల్లకు తెలుగు రాదు కదా, అయినా వాళ్లిద్దరినీ చూసి నవ్వింది.

"మీ ఆవిడ ఒంటరిగా ప్రయాణం చేస్తున్నారా?" అని అడిగింది.

"అవును. నా భార్య" అన్నాడు అన్న.

"అయితే దారిలో తోడుండేలా మనిషిని చూడమని చెప్తాను, మీరు దిగులుపడకండి" అంది. ఒక్క కాగితం అడగలేదు. ఇంకెవరికైనా తెలుసా అని అడగలేదు.

"ఏమంటున్నది ఆ పిల్ల?" అని వదిన నన్నడిగింది.

"నువ్వు అన్న పెండ్లానివని అంటున్నది వదినా."

వదిన కాసేపు ఆ పిల్లనే చూసింది. తర్వాత జాకెట్ లోంచి పుస్తెలు పైకి తీసి, చీర మీద వేసుకుని, కొంగు సర్దుకుంది. అప్పటికే ఆ పిల్ల బోర్డింగ్ పాస్ చేతికిచ్చేసింది.