తొమ్మిదో నంబరు తాళం

శనివారం పొద్దున కొట్టు తలుపులు తీసేసరికి తాళాలాయన చేతిలో ఉన్న సరుకు తక్కువేమీ కాదు. గోడ నిండా తాళాలు, సొరుగుల నిండా బందులు, మరలు, గొళ్ళేలు. ప్రత్యక్షత పండుగనాడు చర్చిలో సువార్త పాఠం చదివే గొంతు, అదీ ఇరవై ఏళ్ళుగా. ఎవరు ఏ వస్తువు కొంటే ఏ పనికో అడక్కుండానే చెప్పగల కన్ను. వీటికి తోడు ఆ వారమే కొత్తగా చేరింది ఇంకొకటి, ఊళ్ళో చాలామందికి తెలియని ఒక చిరునామా.

ఆ కన్ను గురించి కాస్త చెప్పాలి. బొక్కెనా తాడూ కలిపి కొన్నవాడికి బావి ఉన్నట్టు. పడకగదికి లోపలి గడియ కొన్నారంటే ఇంట్లోకి కొత్త కోడలు వచ్చినట్టు. ఒకే గుమ్మానికి రెండు తాళాలు కొన్నారంటే అన్నదమ్ములు విడిపోయినట్టే. ఇన్నేళ్ళలో ఈ లెక్క తప్పింది చాలా తక్కువ. "మీ కంటికి మనుషులు ఆనరు, వాళ్ళు కొన్న మరలే ఆనతాయి" అని ఇల్లాలు దెప్పుతుంది. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంటాడు.

ఇక చిరునామా. అది మొన్న మంగళవారం ఒక చిన్న గడియతో పాటు వచ్చింది. గోడలకు రంగులు వేసే అబ్బాయి, ఎక్కడినుంచో బతకడానికి వచ్చినవాడు, పల్చటి తలుపుకు పట్టే గడియ కావాలన్నాడు.

"ఎక్కడి తలుపు బాబూ?" అన్నాడు తాళాలాయన.

ఆ అబ్బాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాలవ అవతల గోదాములున్నాయి కదండీ. తొమ్మిదో నంబరు వెనక గది. మా ఆవిడకి నెలలు నిండగానే అద్దె ఇంటాయన ఖాళీ చేయించాడు. కాపలా తాత జాలిపడి అందులో ఉండనిచ్చాడు. నిన్ననే ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాం, ఆడపిల్ల. ఎవరితో అనకండి."

"దేవుడు చల్లగా చూస్తాడులే" అన్నాడు తాళాలాయన. గడియకు నాలుగు మరలు పడతాయి. నాలుగే లెక్కపెట్టి పొట్లం కట్టాడు.

శనివారం బోణీ ముగ్గురు కలిసి చేశారు. ఒక లారీ డ్రైవరు, చెప్పులు కుట్టే ముసలాయన, ఆసుపత్రిలో పనిచేసే ఆయమ్మ. ముగ్గురివీ మూడు భాషలు, మూడు ఊళ్ళు. చర్చి గడప తొక్కినవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. రంగులేసే అబ్బాయి భార్య నడిరోడ్డు మీద నొప్పులు పడుతుంటే లారీలో ఆసుపత్రికి చేర్చింది డ్రైవరు. పక్కన కూర్చుంది ఆయమ్మ. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చునే ముసలాయన పసిదాని పాదాలు కొలిచి మెత్తటి తోలుతో జోళ్ళు కుట్టాడట. వేలెడు పొడుగున్న ఆ జోళ్ళు అప్పుడే అతని చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్నాయి.

"ఉయ్యాలకి కొక్కెం, తాడు ఇవ్వండి" అంది ఆయమ్మ. "ఇంకా ఆ తొమ్మిదో నంబరు ఎటో చెప్పాలి. తాళాల కొట్టులో అడిగితే చెబుతారన్నాడా అబ్బాయి."

తాళాలాయన వేలు చాపి చూపించాడు. కాలవ వంతెన, ఎడమవైపు మట్టిరోడ్డు, పన్నెండు గోదాముల వరస, చివరి నుంచి నాలుగోది. కళ్ళకు కట్టినట్టు చెప్పాడు.

"ఇంత బాగా చెప్పారంటే మీరు చూసొచ్చే ఉంటారు" అన్నాడు డ్రైవరు. "పిల్ల ఎలా ఉందండీ?"

"నేనింకా వెళ్ళలేదు బాబూ. రేపు పండగ. పాఠం నాదే."

"నడిస్తే ఎంతసేపు?"

"పది నిమిషాలు."

ముసలాయన పకపకా నవ్వాడు. "షావుకారుగారిది నా బతుకే! ఊరందరికీ జోళ్ళు కుడతాను, నా కాళ్ళు చూడండి." నిజమే, అతని కాళ్ళకు చెప్పుల్లేవు. "రండి మీరూ, ఇతను లారీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళి దింపేస్తాడు."

"కొట్టు వదిలి రాలేను" అన్నాడు తాళాలాయన. వాళ్ళు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఎండ గుమ్మంలోకి వచ్చిన వేళకు గోదాముల యజమాని వచ్చాడు. చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి. పండుగకు కుర్చీలన్నీ అతనివే. పన్నెండు గోదాములకూ బందులూ గొళ్ళేలూ ఈ కొట్టునుంచే వెళతాయి.

"అన్నా" అన్నాడు బల్లమీద మోచేయి ఆనించి, "మన గోదాముల్లో ఎక్కడో పసిపిల్లతో ఎవరో ఉంటున్నారట కదా? కాపలా ముసలాడు నోరు విప్పడు. పాపం, పండగపూట నేను కూడా వెళ్ళి చూసి, పిల్ల చేతిలో ఏదైనా పెడదామని. ఎక్కడో తెలిస్తే చెప్పు."

తాళాలాయనకు ఆ అబ్బాయి అటూ ఇటూ చూడడం గుర్తొచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది పన్నెండు గోదాముల ఖాతాదారు. అడిగింది కూడా మంచిమాటే. మంచిమాటకు మంచి జవాబివ్వడం తప్పెలా అవుతుంది?

"తొమ్మిది" అన్నాడు. "వెనక గది."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట బల్ల కూడా దాటలేదు, యజమాని ముఖంలో నవ్వు మారిపోయింది.

"సంతోషం. అలాగే ఒక తాళం ఇయ్యి. పెద్దది. బయటికి వేసే గొళ్ళెం కూడా."

అప్పుడు తెలిసింది తాళాలాయనకు. ఇన్నేళ్ళు సాన పెట్టిన కన్ను, ఎలా తెలియకుండా ఉంటుంది? పసిపిల్లను చూడబోయేవాడు గిలక్కాయ కొంటాడు, గుడ్డ కొంటాడు. తాళం కొనడు. వాళ్ళు ఏ నీళ్ళకో పాలకో బయటికి వెళ్ళినప్పుడు తలుపు మూసి గొళ్ళెం బిగిస్తాడు, మూటాముల్లే లోపలే ఉండిపోతుంది. లెక్క అంతా అరచేతిలో రేఖల్లా కనపడింది.

ఆయన చెయ్యి మాత్రం తన దారిన తాను గోడవైపు పోయి తాళం దించింది. నోరు కూడా ఊరుకోలేదు. "ఇది వద్దులే, దీని కడ్డీ రంపంతో కోసేస్తారు. ఇదిగో, ఇది తీసుకో. దీన్ని ఎవడూ కోయలేడు."

"నీ అంత సరుకు తెలిసినవాడు లేడన్నా."

గొళ్ళేనికి ఆరు మరలు పడతాయి. తాళాలాయన గుప్పెడు తీసి ఊరికే ఇచ్చాడు.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాడు. ఇల్లాలు ఓ పాత దుప్పటి ఉతికి మడత పెడుతోంది. "రంగులేసే అబ్బాయికి ఆడపిల్లటగా. దీన్ని ఇచ్చొస్తారా? మెత్తగా ఉంది."

"చూద్దాం."

"చూద్దాం అంటే మీ భాషలో లేదనే కదా" అంది ఆవిడ. ఆయన అప్పుడైనా లేచి పది నిమిషాలు నడిచి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. నడవలేదు. యజమాని నిజంగా పిల్లను చూడ్డానికే వెళ్ళాడేమో, తాళం వేరే దేనికో ఏమో అని తనకు తాను బేరం చెప్పుకున్నాడు. ఎదుటివాడు అలాంటి బేరం చెబితే ఆయన గుమ్మం ఎక్కనివ్వడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ప్రత్యక్షత పండుగంటే పరాయివాళ్ళ పండుగ. ఎక్కడో తూర్పున చుక్కను చూసి బయల్దేరిన జ్ఞానులు, వాళ్ళ భాష వేరు, వాళ్ళ దేవుళ్ళు వేరు, దారి అడుక్కుంటూ వచ్చి పసిబిడ్డగా ఉన్న ప్రభువును కనుక్కున్న రోజు. తాళాలాయన ఇరవైసార్లు చదివిన పాఠమే. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆపితే పిల్లలు కూడా ఊపిరి బిగబడతారో ఆయనకు తెలుసు. చుక్క మళ్ళీ కనబడే చోట ఆపాలి.

ఈసారి ఆ చోటుకు రాకముందే ఆగిపోయాడు.

జ్ఞానులు పట్నంలో దిగి, పుట్టినవాడెక్కడని అడుగుతారు. రాజు పండితుల్ని పిలిపిస్తాడు. పండితులకు తెలుసు. పుస్తకం తిరగేయకుండానే ఊరి పేరు చెబుతారు. కానీ చెప్పినవాళ్ళలో ఒక్కడూ లేచి ఆ ఊరికి వెళ్ళడు. ఇరవై ఏళ్ళూ ఆ వాక్యాలను ఆయన ఒక్క ఊపిరిలో దాటించేసేవాడు, చుక్క దగ్గరికి తొందరగా చేరాలని. ఈసారి ఊపిరి అక్కడే ఆగిపోయింది. తరవాతి వాక్యం, ఆ బిడ్డను చంపించాలని చూస్తున్న రాజుది. చోటు తెలిస్తే నాకూ చెప్పండి, నేను కూడా వచ్చి మొక్కుకుంటాను అంటాడు.

తలెత్తాడు. ముందు వరసలో గోదాముల యజమాని కళ్ళు మూసుకుని భక్తిగా వింటున్నాడు.

పాస్టరుగారు పేజీ తప్పిందనుకుని దగ్గరికి రాబోయాడు. తాళాలాయన వద్దని చెయ్యి ఊపి, మిగిలిన పాఠం ఎవరికో అప్పజెబుతున్నట్టు నేలచూపులతో చదివేశాడు. ఆ నేలచూపులు చూసి వెనక వరసల్లో ఇద్దరు ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు.

బయటికి వస్తుంటే అందరూ చుట్టుముట్టారు. "ఇవాళ ఎంత భక్తి అంకుల్! గొంతు పూడుకుపోయింది మీకు." "ఇరవై ఏళ్ళలో ఇలా చదవలేదు మీరు." ప్రతి మెచ్చుకోలుకూ ఆయనకు తల కొట్టేసినట్టయింది. తేలు కుట్టిన దొంగకు ఏడవడానికి కూడా వీలుండదు.

యజమాని భుజం తట్టాడు. "బాగా చదివావన్నా. తాళం కూడా బాగుంది."

ఇంటికి వెళ్ళి ఇల్లాలి చేతిలోంచి దుప్పటి తీసుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా కాలవ వైపు నడిచాడు. నిజంగా పది నిమిషాలే పట్టింది. ఆ పది నిమిషాలు ఎంత తక్కువో కాలికి తెలిసేసరికి ఇంకా సిగ్గేసింది.

తొమ్మిదో నంబరు వెనక గదికి కొత్త గొళ్ళెం, దానికి తన తాళం. మరలు ఆరూ నిండా బిగించి ఉన్నాయి. కిటికీ సందులోంచి చూశాడు. దూలానికి ఉయ్యాల కొక్కెం ఉంది. కింద ఏమీ లేదు. మూటాముల్లే, మనిషీ, పసిపిల్లా, ఎవరూ లేరు.

"ఓ, దారి చెప్పినాయన!"

వెనక్కి తిరిగాడు. డ్రైవరు. పక్క గోదాము ముందు లారీకి తాళ్ళు బిగిస్తున్నాడు.

"వాళ్ళు..." అన్నాడు తాళాలాయన.

"బాగున్నారండి. నిన్న సాయంత్రం ఆ యజమాని వచ్చాడు. పిల్లని చూసి బుగ్గ గిల్లాడు, పది మాటలు ముద్దుగా మాట్లాడాడు. మేం మురిసిపోయాం. ఆయమ్మ మాత్రం పట్టేసింది. పిల్లని చూడొచ్చినవాడు పిల్లని చూస్తాడు, ఈయన తలుపుని జానతో కొలుస్తున్నాడేంటి అంది. అంతే, చీకటి పడకముందే లారీ ఎక్కించేశాం. ఈ రోడ్డున కాదు, వెనక పొలాల దారిన. పొద్దున ఆయన వచ్చి ఖాళీ గదికి తాళం వేసుకున్నాడు." డ్రైవరు నవ్వాడు. "మీ మేలు మరచిపోమండి. మీరు దారి చెప్పకపోతే నిన్న మేం వచ్చేవాళ్ళమే కాదు."

ఆ మాట తాళాలాయనకు మోయలేని బరువైంది. ఉన్నపాటున అక్కడినుంచి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళిపోవాలనిపించింది.

"ఇప్పుడెక్కడున్నారు బాబూ? చెప్పు. నేను కూడా వచ్చి చూసి, పిల్లకి ఈ దుప్పటి..."

మధ్యలో ఆగిపోయాడు. డ్రైవరు నవ్వు కూడా ఆగింది.

"ఆయనా ఇదే అన్నాడండి" అన్నాడు మెల్లగా. "నేను కూడా చూడాలనుకున్నాను అని."

తాళాలాయన దుప్పటి వైపు చూస్తూ చెప్పాడు. "అతనికి నంబరు చెప్పింది నేనే. తాళం అమ్మింది నేనే. కోయడానికి వీల్లేనిది తీసుకోమన్నదీ నేనే."

డ్రైవరు చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. "ఎందుకు కొంటున్నాడో తెలియక అమ్మారు, అంతేగా?"

తెలియక అనేస్తే అయిపోయేది. అడిగేవాడు లేడు, కాదనేవాడు లేడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలిసే అమ్మాను."

డ్రైవరు తాడు ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. "మా ముగ్గురిలో చదువుకున్నవాడు లేడండి. మీరు చదువుకున్నవారు, 'రేపు పండగ, పాఠం నాదే' అన్నారు. ఆ పాఠంలో ఏముంటుందండీ?"

"ఇదే ఉంటుంది బాబూ" అన్నాడు తాళాలాయన.

డ్రైవరు చెయ్యి చాపాడు. "దుప్పటి ఇవ్వండి. పిల్లకి చలిగానే ఉంది, ఇస్తాను. చోటు మాత్రం అడక్కండి. మీరు చెడ్డవారని కాదు. ఎవరికీ చెప్పనని ఆయమ్మకి మాటిచ్చాను. ఇవాళ ఆ మాట మీకోసం తప్పలేను."

"తప్పొద్దు" అన్నాడు తాళాలాయన.

దుప్పటి ఇచ్చాడు. డ్రైవరు దాన్ని ముందు సీటు మీద పెట్టి, జారిపోకుండా మళ్ళీ సర్ది, లారీ ఎక్కాడు. లారీ ఏ వైపు తిరుగుతుందో చూస్తే సగం చోటు తెలిసిపోతుంది. తాళాలాయన కాలవ వైపు ముఖం తిప్పుకుని, ఇంజను చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డాడు.

ఆయన వ్యాపారంలో ప్రతి రోజుకూ ఏం పోయింది, ఏం వచ్చింది అని ఒక లెక్క తేల్పు ఉంటుంది. ఆ రోజుది తేల్చుకుంటూ నడిచాడు. తాళం పోయింది, ఖాళీ గదికి కాపలాగా. దుప్పటి పోయింది, చేరాల్సిన చోటుకే. పిల్ల దక్కింది, ఆయన వల్ల కాదు. పరాయివాళ్ళు ముగ్గురూ చూశారు, ఎత్తుకున్నారు, కాపాడారు. ఇరవై ఏళ్ళుగా దారి చెబుతున్నవాడు ఆ పిల్ల ముఖం కూడా చూడలేదు. ఇక ఆయనకు మిగిలింది ఒక్కటే. అడిగితే తెలియక అమ్మానని చెప్పగలిగీ చెప్పకపోవడం. అది పెద్ద లాభమేమీ కాదు. ఆ రోజుకు చేతికొచ్చింది మాత్రం అంతే.