నుదుటి మీద చల్లటి గంధం

నేను ఒక జ్వరం తుపాకీని. నుదుటికి గురిపెట్టి మీట నొక్కితే ఒంట్లో వేడెంతో అంకెల్లో చెబుతాను. నా కన్నుగప్పి ఒక్క జ్వరమైనా ఇంతవరకు విశాఖపట్నంలో అడుగుపెట్టలేదు. ఈ మాట మీరు గుర్తుంచుకోండి, కాసేపట్లో నేను ఎలాగూ మరిచిపోతాను.

పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. ఓడలో వస్తుంటే తుఫాను పట్టుకుంది. అప్పుడు కెప్టెన్‌కు జ్వరం చూసింది నేనే అంటే మీరు నమ్మరు, పోనివ్వండి. కరోనా రోజుల్లో ఒక సినిమా హాలు గేటు దగ్గర కొలువు చేశాను. మనుషులు విచిత్రమైనవాళ్ళు. నన్ను గురిపెట్టగానే కళ్ళు మూసుకుని, తీర్థానికి వంగినట్టు వంగేవారు. కాపలా మనిషి నా అంకె వైపు చూడకుండానే లోపలికి పంపేసేవాడు. ఆ రోజులు పోయాక ఒక బట్టల కొట్టులోనూ, తర్వాత ఒక ఆఫీసు సొరుగులోనూ కాలక్షేపం చేశాను.

అలాంటి నన్ను అంతర్జాతీయ కబడ్డీ పోటీలు మళ్ళీ వెలుగులోకి లాగాయి. విమానాశ్రయంలో నర్సు మంగవేణి చేతిలో పడ్డాను. మేడమీద గదిలో డాక్టర్ సుహాసిని ఉండేది. ఏ దేశం జట్టు వస్తోంది, అక్కడ ఇప్పుడు ఏ జబ్బు తిరుగుతోంది అని పొద్దున లేస్తే అదే ఆమె వెతుకులాట. పేపర్లు చదివేది, ఆయా దేశాల డాక్టర్లకు ఫోన్లు చేసేది. ఆటగాళ్ళంతా ఒకే చోట తిని, ఒకే చోట పడుకుని, మళ్ళీ తలో దేశానికి వెళ్ళిపోతారు. ఒక్కడు జబ్బు తెస్తే అది పది దేశాలకు పంపకమవుతుంది.

ఒకరోజు పొద్దున్నే ఆమెకు కబురందింది: ఒక ద్వీపంలో తట్టు విపరీతంగా వ్యాపిస్తోందని. ఆ ద్వీపం జట్టు మధ్యాహ్నం దిగుతోంది. జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్ళు కనబడితే ఆపమని మంగవేణికి చెప్పింది.

అయితే నాకంటే ముందు ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. ఆయన స్వాగత సంఘం పెద్ద గౌరునాయుడు, ఒకనాటి కబడ్డీ మొనగాడు. ఎండలో వచ్చే అతిథులకు హాయిగా ఉంటుందని గంధం తీయించి, ఐసుపెట్టెలో పెట్టించాడు. దిగినవాళ్ళ నుదుటి నిండా దట్టంగా పట్టించి, దణ్ణం పెట్టి నా దగ్గరికి పంపాడు. ఆ మంగళకరమైన గంధం తుడవడానికి మంగవేణికి చేయి రాలేదు. గంధం మీదే గురిపెట్టింది. నేనూ బుద్ధిగా గంధం చల్లదనమే చెప్పాను. జట్టంతా చల్లగా గేటు వైపు నడిచింది.

అప్పుడే కిందికి వచ్చిన డాక్టరమ్మ అంకెలు చూసింది.

"మంగా, ఇంత చల్లగా ఉండడానికి వీళ్ళేమైనా చేపలా? బస్సు ఆపించు. గంధం తుడిచి మళ్ళీ చూద్దాం."

గౌరునాయుడు అడ్డుపడ్డాడు. "సుట్టాల నుదుటి మీద గంధం తుడిసీడమేటి డాక్టరమ్మా? మా ఇంటా వంటా లేదు."

"మీ ఇంట్లో పెళ్ళికి గంధం చేతులకు రాయరా, నాయుడుగారూ?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "రాస్తాం."

"అయితే అలాగే కానివ్వండి. నుదురు మాకు, చేతులు మీకు."

ఆయన మెత్తబడి, నేనే తుడుస్తానంటూ భుజం మీది కండువా తీశాడు. మంగవేణి ఆ కండువా పట్టుకుని ఆపింది. "అందరికీ ఒకే గుడ్డా, తాతా? లేని జబ్బు కూడా మీరే అంటించీగలరు."

ఎవరి కాగితంతో వాళ్ళు తుడుచుకుని, కాసేపు ఆగాక నన్ను మళ్ళీ గురిపెట్టారు. జట్టులో చిన్నవాడు రివో. వాడి నుదురు పెనంలా ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జ్వరం దాచి వచ్చాడు, చెబితే తనను ఆడనివ్వకుండా ఇంటికి పంపేస్తారని. వాడు దేశం దాటడం అదే మొదటిసారి. డాక్టరమ్మ వాడి ముందు కూర్చుని మెల్లగా చెప్పింది, జట్టు మేనేజరు వాడి భాషలో అందించాడు: "నిన్ను ఇంటికి పంపను. నీ జబ్బును మాత్రమే వేరే గదిలో పెడతాను. నీ ఒంట్లో ఉంది కాబట్టి నువ్వూ తోడు వెళ్ళాలి."

వాడు ఏడుస్తూనే నవ్వాడు. మర్నాడు తట్టు పైకి తేలింది. అప్పటికే మిగతా ఆటగాళ్ళలో టీకా వేయించుకోనివాళ్ళకు సూదులు పడిపోయాయి.

ఆ గదికి వెళ్ళడానికి తయారైంది ఎవరనుకున్నారు? గౌరునాయుడే. "నాకు సిన్నప్పుడే తట్టు పోసీసింది, మళ్ళీ రాదు. కుర్రోడొక్కడూ ఉండిపోతాడమ్మా," అని బతిమాలాడు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, నిజమేనని తేలాకే మాస్కు కట్టి పంపింది. రోజూ గంజి పట్టుకెళ్ళేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. మంచం పక్కన కూర్చుని, ఊపిరి తెగకుండా కూత పెట్టడం నేర్పేవాడు.

జట్టు ఆఖరి ఆట నాటికి డాక్టరమ్మ వాడిని వదిలింది. రివో కూతకు వెళ్ళి, ఒకే ఊపిరిలో ఐదుగురిని అవుట్ చేసి, గీత దాటి వచ్చాడు. స్టేడియం ఊగిపోయింది.

ఇప్పుడు నేను ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. బ్యాటరీ మూత ఊడితే టేపు అతికించారు. వచ్చేపోయే పిల్లలకు ఈ కథ చెబుతుంటాను, మీకూ చెప్పాను. ఇందులో ఒక ముక్క మాత్రం నా కల్పన. రివో ఐదుగురిని అవుట్ చేయలేదు. మొదటి కూతకే ఎదుటి జట్టువాళ్ళిద్దరు కాళ్ళు పట్టుకుని బోర్లా పడేశారు, గౌరునాయుడు తల పట్టుకున్నాడు. పడేసిన ఆ ఇద్దరికీ తట్టు రాలేదు. మిగతా ఏ జట్టులోనూ ఎవరికీ రాలేదు. ఈ ముక్క మాత్రం కల్పించాల్సిన అవసరం నాకు పడలేదు.