అరుంధతి గిటార్‌లో గరగర

"బీరువ మీద గిటార్ ఉన్నది గద, దించి తుడిచిపెట్టు. ఆదివారం మా హెడ్డుగారి బిడ్డకు ఇస్తమన్న" అన్నాడు మా ఆయన, బూటు లేసు కట్టుకుంటూ. టిఫిను డబ్బాలో ఇంకొంచెం తొక్కు వెయ్యి అన్నట్టే అన్నాడు. ఆ గిటార్‌ను ఈ ఇంట్లో మూడేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. బీరువా పైన దుమ్ము దులిపేటప్పుడు కూడా ఆ గుడ్డసంచీ చుట్టూ దులిపి వదిలేసేదాన్ని. సరే అన్నాను. ఈ ఇంటికొచ్చాక నేను ఎక్కువగా వాడిన మాట అదే.

గిటార్ ఆయన మొదటి భార్య అరుంధతిది. ఆమె న్యుమోనియాతో పోయి మూడేళ్ళు, నేను ఆమె స్థానంలోకి వచ్చి రెండేళ్ళు. స్థానం అని ఊరికే అనడం లేదు. మావైపు రెండో పెళ్ళి చేసుకున్నవాడి భార్య పుస్తెలతోపాటు పోయినామె పేరున ఒక చిన్న వెండి బిళ్ళ మెడలో వేసుకోవాలి. కొత్త చీర తెస్తే ముందు ఆమె పేరు చెప్పి దేవుడి దగ్గర పెట్టాలి, ఆ తర్వాతే నేను కట్టుకోవాలి. చేశాను, అన్నీ చేశాను. మా ఆయన తొందరలో ఉన్నప్పుడు నన్ను అరుంధతీ అని పిలుస్తాడు. మొదట్లో పలికేదాన్ని కాదు. రానురాను పలకడం మొదలుపెట్టాను, ఎందుకంటే పలక్కపోతే కాఫీ ఆలస్యమైనందుకు పడే మాటలు భారతమ్మ అన్న నా సొంత పేరు మీదే పడేవి.

మా ఇల్లు తార్నాక రోడ్డు పక్కనే. లారీ పోయినప్పుడల్లా బీరువా మీద సంచీలోంచి సన్నగా గర్రుమని వినిపించేది. చివరి రెండు రోజులు అరుంధతి ఛాతీలో ఇదే చప్పుడట. మా అత్తమ్మ పోచమ్మ ఆ చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి చెవులు మూసుకునేది. "అది యాడికి పోలే బిడ్డ, గండ్లనే ఉన్నది" అనేది. అరుంధతి ఆ గిటార్‌లోనే ఉందని ఆమె నమ్మకం. అమావాస్య వస్తే బీరువా ముందు ఊదుబత్తి ముట్టించేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, మెట్రిక్ పాసైనదాన్ని. కానీ మిట్టమధ్యాహ్నం ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని బట్టలు మడతపెడుతుంటే వెన్ను చల్లబడేది. ఆమె దువ్వెనతో తల దువ్వుకుంటున్నాను, ఆమె మంచం మీద పడుకుంటున్నాను, ఆమె కడిగిన గిన్నెలే కడుగుతున్నాను. నన్ను చూసి ఏమనుకుంటోందో అనిపించేది. నిజం చెప్తున్నాను, భయపడ్డాను.

ఆమె గురించి ఇంట్లో ఒకే కథ చెప్పేవాళ్ళు. పెళ్ళికి ముందు లాలాగూడలో ఒక రైల్వే దొరసాని దగ్గర నేర్చుకుందట. ఆ దొరసాని దేశం వదిలి పోతూ గిటార్‌ను ఈమె చేతిలో పెట్టి పోయిందట. పెళ్ళయిన కొత్తలో బాగానే వాయించేది, తర్వాత చేతులు చెడిపోయాయి. మా ఆయన పనిచేసే యూనివర్సిటీ క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ వాళ్ళ వేడుకకు పిలిస్తే నలుగురి ముందు కూర్చుని తీగ మీటిందట. గరగరమని తప్ప స్వరం రాలేదు. పిల్లలు నవ్వారట. సగంలో లేచి వచ్చేసింది, మళ్ళీ ముట్టలేదు. "చేతులకేదో పట్టింది దానికి, నేను రోజు నువ్వుల నూనె రాస్తుంటి" అని అత్తమ్మ ఇప్పటికీ చెప్పి కళ్ళొత్తుకుంటుంది. మా ఆయన అయితే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, ఆమెకు అది చేతకాలేదు అని.

చేతకాకపోవడం గురించి నాకూ తెలుసు. నిరుడు నేను ప్రైవేటుగా పీయూసీ పరీక్షకు కట్టాను. పప్పు ఉడికేలోపు ఒక పేజీ, బట్టలు ఆరేలోపు రెండు పేజీలు, అట్లా చదివాను. తీరా పరీక్ష వారం ఉందనగా హాల్ టికెట్ కనిపించలేదు. పోస్టులో వచ్చింది, నీ చేతికే ఇచ్చిన గద అన్నాడు మా ఆయన. ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు. బియ్యం డబ్బాలు కుమ్మరించాను, పరుపులు విప్పాను, పొయ్యి బూడిద కూడా జల్లెడ పట్టాను. పాపం ఆయన కూడా టార్చి పట్టుకుని మంచం కిందికి దూరి వెతికాడు. "నీకు మతిమరుపు మొదలైంది భారతీ, భయపడకు, అందరికి అయితది" అన్నాడు, తల నిమిరాడు కూడా. పరీక్ష పోయింది. అప్పట్నుంచి నన్ను నేను నమ్మడం మానేశాను. పొయ్యి ఆర్పానా అని రెండుసార్లు చూస్తాను, తలుపు గొళ్ళెం మూడుసార్లు చూస్తాను. ఈ ఏడు మళ్ళీ కడతానంటే, ఫారం ఆయనే నింపి నాతో సంతకం పెట్టించి తన బల్ల సొరుగులో పెట్టాడు. శనివారం ఆఖరు తేదీ, నేనే ఇస్తాలే, నీ దగ్గరుంటే పోతుంది అన్నాడు. అదీ నిజమే కదా అనుకున్నాను.

ఆయన యూనివర్సిటీకి పోయాక గిటార్ దించాను. సంచీ విప్పి, తడిగుడ్డతో తుడుస్తుంటే వేలు తగిలి తీగ గర్రుమంది. చేతిలోంచి జారవిడవబోయి పట్టుకున్నాను. తర్వాత అలవాటుకొద్దీ ఒక పని చేశాను. మా బాపు రాజలింగు లాలాగూడ వర్క్‌షాపులో వడ్రంగి. ఏ చెక్క చేతికిచ్చినా ముందు ఒక కన్ను మూసి దాని అంచు వెంబడి చూసేవాడు, నాకూ అదే నేర్పాడు. గిటార్‌ను కంటికి ఎత్తి దాని మెడ వెంబడి చూశాను. మధ్యలో ఉబ్బి ఉంది. మెడంతా వెనక్కు విరుచుకున్నట్టు వంగి ఉంది. తీగలు మెడ మీది మెట్లకు పైన ఉండవలసింది పోయి వాటి మీదే పడుకుని ఉన్నాయి. ఇంకేముంది, ఎవరు మీటినా గరగరమనే అంటుంది. చేతులతో దానికేం సంబంధం?

గిటార్ తల దగ్గర రెండు మరలతో బిగించిన చిన్న నల్ల మూత ఉంది. మరలు విప్పితే లోపల ఇనుప చువ్వ కొస, దానికొక నట్టు. చువ్వ బిగిస్తే మెడ వెనక్కు పోతుంది, వదిలితే తీగల లాగుడుకు ముందుకొస్తుంది. వర్క్‌షాపు వడ్రంగి బిడ్డకు ఆ మాత్రం తెలియదా! ఆయన పనిముట్ల పెట్టె వెతికాను. అడుగున గుడ్డలో చుట్టి గొట్టంలాంటి చిన్న స్పానరు దొరికింది, నట్టుకు సరిగ్గా పట్టింది. మా ఇంట్లో మరే నట్టుకూ అంత చిన్నది అక్కర్లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు, దొరికిందే చాలనుకున్నాను.

తీగలు కాస్త సడలించి నట్టును పావు చుట్టు వదిలాను. తీగలు మళ్ళీ బిగించి, కట్టె సర్దుకోవాలి కదా అని గంట ఆగాను. ఆ గంటలో అంట్లు తోమాను. మళ్ళీ పావు చుట్టు. ఇప్పుడు చూడాలంటే తీగను పైన మొదటి మెట్టు దగ్గరా, కింద మెడ అతుకు దగ్గరా నొక్కిపట్టి నడుమ సందు చూడాలి, దానికి రెండు చేతులు చాలవు. అత్తమ్మను పిలిచాను. గడప దాటి లోపలికి రానంది. "ఒక్క వేలు పెట్టండి అత్తమ్మా, మిమ్మల్నేం చెయ్యదు" అని బతిమాలితే, మొహం అటు తిప్పుకుని, కాలుతున్న పెనం ముట్టినట్టు వేలు పెట్టింది. పొద్దున ఆ సందులో కాగితం కూడా దూరలేదు. ఇప్పుడు పోస్టుకార్డు ఒరుసుకుంటూ దూరింది.

ఇంకా అక్కడక్కడ గరగర మిగిలింది. కింద తీగలను మోసే ఎముక ముక్క ఊడదీసి చూశాను. దాని అడుగున ఆకురాయి పెట్టి ముతకగా అరగదీసిన గీతలు. తీగలు కిందికి దిగిపోవడానికి ఎవరో పనిగట్టుకుని చేసినట్టుంది. విరిగిన స్కేలులోంచి సన్నటి చెక్క చీల్చి, నున్నగా రుద్ది ఆ ముక్క కింద పెట్టాను. తీగలు బిగించి ఒక్కొక్కటే మీటాను.

అబ్బ, ఆ చప్పుడు! గదంతా నిండి, మెల్లగా తనంతట తనే ఆగిపోయింది. గరగర ఎక్కడా లేదు. అత్తమ్మ అక్కడే చతికిలబడింది. పోయిందా బిడ్డ, అని అడిగింది. అరుంధతి ఎప్పుడూ ఇందులో లేదనీ, మెడ వంగితే వచ్చిన చప్పుడనీ చెప్పాను. తన వేలినే చూసుకుంటూ అడిగింది.

"మరి దాని చేతులు?"

"చేతులకేం కాలేదత్తమ్మా, మంచిగనే ఉండె."

నాలుగున్నరకు మా ఆయన వచ్చాడు. గిటార్ గోడకు ఆనించి ఉంది. వస్తూనే బొటనవేలితో తీగల మీద ఒక్క గీత గీశాడు. మోగింది. ఎవరు బాగుచేశారని అడిగితే నేనే అన్నాను. మెచ్చుకోలుగా నవ్వాడు.

"నాకు పని తప్పించినవ్. ఆదివారం ఇచ్చేముందు నేనే ఇప్పుదామనుకున్న. అవుతల హెడ్డుగారి బిడ్డకాయె, గరగరమంటే బాగుండదు."

ఇప్పడమేంటని అడిగాను. చొక్కా గుండీలు విప్పుకుంటూనే చెప్పాడు. దాయవలసిన సంగతి అని కూడా ఆయనకు తోచలేదు.

"ఆ నట్టు నేనే బిగించిన గదనే అప్పుడు. పొద్దుందాక గదే పని పెట్టుకునె. ఇంటికొస్తె బువ్వ లేదు, నీళ్ళు లేవు, టింగుటింగుమని. జర బిగించి, కింద ఆకురాయితో జర రాకిన. వారం దినాల్ల ఆమెనే మానుకున్నది."

అత్తమ్మ గడప మీద బియ్యం ఏరుతోంది. చేట అలాగే పట్టుకుని తలెత్తింది. నేనే అడిగాను.

"ఆమె చేతులు పోయినయని ఏడ్చింది కదా. చెప్పలేదా మీరు?"

"చెప్తె మల్ల బాగు చేయిస్తది గద" అన్నాడు, ఇంత చిన్న విషయం నాకెందుకు అర్థం కావడం లేదా అన్నట్టు.

అత్తమ్మ లేచి నిలబడింది. "దాని చేతులకు నేను రోజు నూనె రాస్తుంటె చూసుకుంట కూసున్నవు గదరా" అంది. ఆయన విసుక్కున్నాడు, పోయినామె గురించి ఇప్పుడు పంచాయితీ ఏంటి అన్నాడు. నాకు ఆయన మాటలు సగమే వినిపిస్తున్నాయి. కళ్ళముందు మంచం కింద టార్చి వెలుతురు, ఆ వెలుతురులో మోకాళ్ళ మీద పాక్కుంటూ వెతుకుతున్న ఆయన వీపు. నా తల నిమిరిన చెయ్యి. ఆ చేతినే చూస్తూ అడిగాను.

"నా హాల్ టికెట్?"

లేదనలేదు.

"ఆ నెల అమ్మకు పానం బాగలేకుండె. నువ్వు పోయి పరీక్ష రాస్తె ఇల్లెవరు చూస్తరు? యేడాది పోతె ఏమైతది?" అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

ఏడుపు రాలేదు. మొదట వచ్చింది సంతోషం, చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది. నాకు మతిమరుపు లేదు. నా తల బాగానే ఉంది. ఏడాదిగా పొయ్యినీ గొళ్ళేన్నీ మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ తిరిగినదంతా ఉత్త పుణ్యానికే. ఆ వెనకే అరుంధతి గుర్తొచ్చింది. నాకు తెలిసింది, ఆమెకు తెలియలేదు. తన వేళ్ళే తనను మోసం చేశాయనుకుంటూ పోయింది. రెండేళ్ళు నేను ఆమెను చూసి భయపడుతూ బతికాను, ఆమె పక్కన నిలబడవలసినదాన్ని.

మర్నాడు శుక్రవారం, ఆయన పోయాక సొరుగు తీశాను. ఫారం ఉంది. నేను చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మ పొయ్యి దగ్గరికి పోయి ఎసరు పెట్టింది. క్యాంపస్ రోడ్డు వెంట నడుచుకుంటూ పరీక్షల ఆఫీసుకు పోయాను. వరసలో నిలబడి ఫారం మొదటిసారి పూర్తిగా చదివాను. క్రితం పరీక్షకు హాజరు కాకపోతే కారణం రాయమని అందులో ఒక గడి ఉంది. ఆయన ముత్యాల్లాంటి రాతతో, అభ్యర్థి అజాగ్రత్త వల్ల హాల్ టికెట్ పోయింది అని ఇంగ్లీషులో రాశాడు, దాని కిందే నా సంతకం. వెనకున్న అమ్మాయిని కలం అడిగి తీసుకున్నాను. ఆ వాక్యం మీద అడ్డగీత కొట్టాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, హాల్ టికెట్‌ను నా భర్త దాచాడు అని రాసి, పక్కన మళ్ళీ సంతకం పెట్టాను.

కిటికీలో గుమాస్తా ఫారం తిప్పి చూశాడు. ఆ గడి దగ్గర ఆగి, కళ్ళజోడు పైకి నెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఈసారి హాల్ టికెట్ పోస్టులో పంపొద్దు, నేనే వచ్చి తీసుకుంటాను అన్నాను. గుమాస్తా ఫారంలో నా భర్త పేరు చదివి, గొంతు తగ్గించాడు.

"లక్ష్మీనర్సయ్య సారంటే మన ఫిజిక్స్ ల్యాబుల సారే గదమ్మ? ఇది సారుకు ఎరికేనా?"

"ఎరికే" అన్నాను. "నాకు నిన్న తెలిసింది, ఆయనకు యేడాది నుంచి తెలుసు."