ఎనిమిదో రోజు ఐగుప్తు

మా అమ్మకు ఐగుప్తు అంటే మంట. చర్చిలో పాస్టరు గారి నోట ఆ మాట వచ్చిందంటే చాలు, బెంచీ మీద నిటారుగా అవుతుంది. ఆ దేశం మీద తెగుళ్లు పడ్డాయని చదివితే "ఆమెన్" అంటుంది, అదీ అందరికన్నా ముందు. దేవుడి ప్రజలను బానిసలుగా పెట్టుకుని ఇటుకలు చేయించిన దేశం కదా అంటుంది. ఎప్పుడో ఎవరో చేసిన ఇటుకలకు కలకత్తా గార్డెన్ రీచ్‌లో కూర్చున్న ఈవిడకు ఇంత కోపమేమిటని చాలాసార్లు నవ్వాను. నవ్వి, వెంటనే మాట మార్చేసేదాన్ని. ఎందుకంటే మా అన్న జాబేజును పాతిపెట్టింది ఆ దేశంలోనే. ఆ సంగతి అమ్మకు తెలియదు.

అన్న సరుకుల ఓడలో ఖలాసీ. ఎనభై నాలుగులో, సూయెజ్ కాలవలోకి వెళ్లడానికి ఓడ వరసలో నిలబడి ఉండగా నిచ్చెన మీంచి సరుకుల అరలోకి పడి చనిపోయాడు. అప్పటికి వాడికి ఇరవై అయిదు. కంపెనీ వాళ్ల ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే. 'సూయెజ్, ఈజిప్టు' అని చదివాను. ఏడుస్తూనే అమ్మ అడిగింది, "ఈజిప్టంటే ఏటమ్మా? అదెక్కడ?" అని.

అమ్మ చదివిందల్లా తెలుగులో బైబిలు వాక్యమే. అందులో ఈజిప్టు లేదు, ఐగుప్తు ఉంది. ఆ రెండూ ఒకటేనని ఆవిడకెలా తెలుస్తుంది? చెబుదామని నోరు తెరిచాను. అంతలో బైబిల్లో, ఐగుప్తులో చనిపోయిన ఒక పెద్దాయన సంగతి గుర్తొచ్చింది. నా ఎముకలు ఈ దేశంలో వదలొద్దని ఆయన తనవాళ్ల చేత ప్రమాణం చేయించుకున్నాడు. మా అమ్మ ఆ భాగం చదివినప్పుడల్లా కళ్లు తుడుచుకుంటుంది. కొడుకు ఐగుప్తులో ఉన్నాడని తెలిస్తే ఎముకలు తెమ్మంటుంది. తేకపోతే అన్నం మానేస్తుంది. డాకులో సరుకులెత్తే వించి తిప్పే మా నాన్న ఎక్కణ్ణించి తెస్తాడు? అందుకని, "సముద్రం పక్కన మంచి ఊరమ్మా" అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. సరిదిద్దలేదు, అంతే.

ఆ 'అంతే' ముప్పై అయిదేళ్లు సాగింది. నాన్న పోయాడు. నేను రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేరాను. పెళ్లయి, భర్త పోయి, మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చాను. ఏటేటా సమాధుల పండుగకు నాన్న సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అందరి సమాధులూ తెల్లగా మెరుస్తుంటే అమ్మ అటూ ఇటూ చూసి, "మన జాబేజుకి ఎవులేస్తారే సున్నం?" అని అడుగుతుంది. ఏటేటా అదే ప్రశ్న. నా దగ్గర ఒక నంబరు మాత్రం ఉంది. ఉత్తరంలో రాశారు, నాలుగో వరస, పదకొండో సమాధి అని. దాని దగ్గర ఒక్కసారి నిలబడాలి. ఒక్కసారి చేత్తో ముట్టుకోవాలి. నాకు ఈ లోకంలో ఇంక వేరే కోరిక లేదంటే నమ్మండి.

రెండువేల పంతొమ్మిదిలో ఒక ఆదివారం రాబిన్ మా ఇంటికి వచ్చాడు. మా చర్చి కుర్రాడే, వాట్‌గంజ్‌లో టూర్ల ఆఫీసు పెట్టాడు. పరిశుద్ధ దేశ యాత్రకు జనాన్ని కూడగడుతున్నాడు. పన్నెండు రోజులు, మూడు దేశాలు, ముప్పై మంది, వెంట పాస్టరు గారు. ఇంగ్లీషు కాగితం నాకిచ్చాడు, పాస్టరు గారు తెలుగులో దేశాల పేర్లు మట్టుకు రాసిచ్చింది అమ్మకిచ్చాడు.

"అత్తా, నువ్వు రావాల్సిందే. నేనున్నాను కదా, చింతా కొరో నా, దిగులు పడకు," అన్నాడు నాతో, సగం బెంగాలీలో.

నేను కాగితం చదువుతూ ఎనిమిదో రోజు దగ్గర ఆగిపోయాను. సీనాయి కొండ నుంచి బస్సులో బయలుదేరి, సూయెజ్ కాలవ కింద సొరంగంలోంచి దాటి, కైరో. సూయెజ్ అన్న మాట అచ్చులో చూసేసరికి ఆ లైను మీద వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదివాను.

అమ్మ కళ్లజోడు సర్దుకుని తన కాగితం చదివి, విసిరికొట్టింది. "ఐగుప్తా? ఆ బానిసల కొంపకి ఎల్తావేటి? ఓలమ్మో, దేవుడు బయటికి లాగినోళ్లని మళ్లీ లోపలికి తీసుకెల్తావేట్రా రాబిన్నూ?"

రాబిన్‌కు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు, బైబిలు కూడా ఇంగ్లీషులోనే చదువుతాడు. "ఐగుప్తు ఎక్కడుంది అత్తా? మన టూర్‌లో ఆ కంట్రీ లేదే!" అన్నాడు నాతో. ఇంకో మాటంటే నా గుట్టంతా బయటపడేది, చెంప మీద ఒకటిద్దామనిపించింది.

ఆ వారమంతా నాకు అదే ఆలోచన. ఆసుపత్రిలో నాతోపాటు పనిచేసే జూలీ రెండేళ్ల కిందట వేరే గుంపుతో ఇలాగే వెళ్లొచ్చింది. అడిగాను.

"గుంపుతో వెళ్తే మహా సుఖం విజయక్కా," అంది. "వీసా వాళ్లే తెస్తారు. భాష రాదన్న భయం లేదు. కళ్లు తిరిగి పడితే లేపడానికి ముప్పై మంది. రోజుకో పూటైనా అన్నం, పప్పు."

"కష్టం?"

"కష్టమా? తెల్లవారుజామున నాలుగింటికి తలుపు బాదుతారు. జెండా పట్టుకున్న గైడు వెనక బడిపిల్లల్లాగా నడవాలి. యొర్దాను నది దగ్గర నాకిచ్చింది పది నిమిషాలు, అందులో ఏడు బాత్రూం లైనులో పోయాయి. ఏడుపొస్తే అక్కడ నిలబడి ఏడవడానికి కూడా టైమివ్వరు తల్లీ, బస్సెక్కి ఏడవాలి." అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గురువారం డ్యూటీ దిగి తిన్నగా రాబిన్ ఆఫీసుకు వెళ్లాను. మా అన్న సంగతంతా చెప్పి, ఎనిమిదో రోజు నన్నొక గంట సూయెజ్‌లో దింపమన్నాను. కంపెనీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. వాడు ఫోనులో మ్యాపు తీసి చూశాడు. సొరంగం దగ్గర నుంచి ఊరికి అరగంట.

ఫోను బల్ల మీద పెట్టేశాడు. తరవాత, "అత్తా, అబద్ధం చెప్పి నీ పేరు రాసుకోవచ్చు. కానీ చెప్పను," అన్నాడు. "ఆ రోడ్డులో బస్సుకు ముందూ వెనకా పోలీసు జీపులుంటాయి. ఎక్కడ ఆపాలో వాళ్లే చెప్తారు. పాస్‌పోర్టులన్నీ లీడర్ దగ్గర. ఒక్కరు దిగిపోతే మిగతా అందరినీ ఆపేస్తారు. పారిపోయిందనుకుంటారు, బుఝ్‌లే తో, అర్థమైందా?"

"ఈ వయసులో పారిపోయి ఏం చేస్తాన్రా?"

"అది నాకు తెలుసు. వాళ్లకు తెలీదు."

"పోనీ నేనొక్కదాన్నే వెళ్తే?"

వెళ్లొచ్చన్నాడు. వీసా నీ అంతట నువ్వే అడగాలి, కైరోలో దిగాక బండి మాట్లాడుకోవాలి, అరబ్బీలో దారి అడగాలి, ఆ సమాధుల తోట తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి అన్నాడు. నేను ఇంతవరకు విమానం లోపల ఎలా ఉంటుందో చూడలేదు. హౌరా స్టేషన్లోనే ప్లాట్‌ఫారం వెతుక్కోలేక ముగ్గుర్ని అడుగుతాను.

బస్సులో ఇంటికి వస్తుంటే కోపం నషాళానికంటింది. ఎవరి మీదో తెలియదు. గుంపుతో వెళ్తే అక్కడిదాకా పోతాను గానీ దిగలేను. ఒంటరిగా వెళ్తే దిగగలను గానీ అక్కడిదాకా పోలేను. ఏం బతుకమ్మా ఇది? ముప్పై అయిదేళ్లు ఎక్కడో చాలా దూరంలో ఉన్నాడనుకుని ఊరుకున్నాను. అరగంట అని తెలిశాక ఎలా ఊరుకోను?

ఇంటికి వచ్చేసరికి అమ్మ ముందు గదిలో పేపరు పరుచుకుని ఎండు నెత్తళ్ల తలలు తుంచుతోంది. నా మొహం చూసి కూడా ఆగలేదు.

"రాబిన్ కాడికెల్లినావేటి? పేరిచ్చీసినావా?"

"ఇవ్వలేదు."

"మంచిపని సేసినావు. అంత దూరం ఎల్తే ఈజిప్టుకెల్లు. నీ అన్నున్నాడు. కన్నతల్లిని, నాను ఎల్లలేను. నువ్వు ఎల్లగలవు. తోడబుట్టినోడి కాడికెల్లకుండా ఆ పాడు ఐగుప్తుకెందుకే? సిగ్గునేదేటి నీకు?"

అంతే, నా నోరు నా చేతుల్లో లేకపోయింది.

"అమ్మా! ఈజిప్టే ఐగుప్తు! రెండూ ఒకటే! మన వాక్యంలో ఐగుప్తు, లోకానికి ఈజిప్టు. అన్న ఉన్నది అక్కడే. నాకు ఆ రోజే తెలుసు. నీకు చెప్పలేదు!"

అమ్మ చేతిలో నెత్తళ్లు అలాగే ఉండిపోయాయి. నన్ను తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆవిడ నన్ను చూడటమే లేదు, పెదవులు కదుపుతూ ఏదో లెక్క చూసుకుంటోంది.

"మరి నాను ఆమెన్ అన్నాను కదే," అంది చివరికి.

"అమ్మా..."

"వడగళ్లు పడ్డాయంటే ఆమెనన్నాను. సీకటి కమ్మినాదంటే ఆమెనన్నాను. ఆ దేశంలో పెద్ద కొడుకులందరూ సచ్చిపోనారని సదివితే, దానిక్కూడా ఆమెనన్నాను. అందరికన్నా ముందు. ఆడు నా పెద్దకొడుకు కాదేటే?"

నేను వెళ్లి ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాను. ఇద్దరం ఏడ్చాం. అన్న పోయిన కబురొచ్చిన రోజున కూడా అలా ఏడవలేదు. ఆ రోజు నాకు ఉత్తరం చదవడం, పక్కింటివాళ్లకు చెప్పడం, నాన్నను పట్టుకోవడం సరిపోయింది. నా వంతు ఏడుపు అలాగే మిగిలిపోయింది.

కళ్లు తుడుచుకుని అమ్మ అడిగింది, "ఎముకలు తేనిస్తారేటి?"

"ఎముకలా? బస్సే దిగనివ్వరట," అని రాబిన్ చెప్పిందంతా చెప్పాను.

"అరగంటంటే ఎంత దూరం?"

"ఇక్కణ్ణించి ధర్మతల ఉంటుందే, అంతకన్నా తక్కువ."

"ధర్మతల అంత దూరంలో పిల్లడున్నాడంటే దిగనివ్వరూ? ఆళ్లకి అక్కసెల్లెళ్లు నేరేటి?" అని కాసేపు పోలీసులను తిట్టింది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చేతికింకా నెత్తళ్ల వాసన. "ఎల్లమ్మీ. దిగనివ్వకపోతే మాను. మనోళ్లు ఒక్కరంటే ఒక్కరు ఆ ఛాయలకెల్లలేదు ఇన్నాళ్లూ. నువ్వు ఆ దారంట ఎల్లు. ఆడి కాడికి ఎంత దగ్గరికి ఎల్లనిస్తే అంత దగ్గరికెల్లు."

మర్నాడు రాబిన్‌కు ఫోను చేసి పేరిచ్చాను. సూయెజ్ ఏ పక్కన వస్తుందో చూడమంటే, ఎడమ పక్కన అన్నాడు. ఎడమ పక్క కిటికీ సీటు నాకే ఇవ్వాలని, పాస్టరు గారు అడిగినా ఇవ్వకూడదని గట్టిగా చెప్పాను. "సరే అత్తా, దేవుడి తోడు," అన్నాడు. ఒక్క కిటికీ కోసం ఇంత దూరం వెళ్తావా అని మీరు అడుగుతారేమో. వెళ్తాను. నా అన్న ఉన్న మట్టి రంగు ఏమిటో నాకు తెలియదు, చూసి వచ్చి అమ్మకు చెప్తాను.

ప్రయాణానికి ముందు ఆదివారం చర్చిలో యాత్రకు వెళ్లేవాళ్ల పేర్లు చదివారు. అందరం వెళ్లి ముందు నిలబడ్డాం. ఇంకెవరికైనా ప్రార్థన విన్నపాలున్నాయా అని పాస్టరు గారు అడిగారు. అమ్మ బెంచీ పట్టుకుని లేచింది.

"ఐగుప్తు కోసం ప్రార్థన సెయ్యండయ్యగారూ," అంది.

"ఐగుప్తులో మన వాళ్ల ప్రయాణం కోసమా, జీవరత్నమ్మ గారూ?"

"పయాణం కోసం కాదు. ఐగుప్తు కోసమే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడ, పొరబడిందనుకుని ఉంటారు. అమ్మ అటు చూడలేదు.

"మా పెద్దోడు ఆ దేశంలో సచ్చిపోనాడు. మేమెవులం నేము. ఆడి మొకం ఎరగరు, ఆడి భాష రాదు, ఆ ఐగుప్తు వోళ్లే గొయ్యి తవ్వి, ఆణ్ణి మట్టిలో పెట్టినారు. ఆడికి ఆకరిసారి నీళ్లు పోసినోళ్లు ఆళ్లే. నాకది తెలవక ముప్పై అయిదేళ్లు ఆళ్లని తిట్టుకున్నాను."

పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు, "ప్రభువా" అన్నారు, ఆగిపోయారు. పరీక్షలకూ, పెళ్లిళ్లకూ, ఆపరేషన్లకూ ఆయన తడుముకోకుండా ప్రార్థన చేస్తారు. ఐగుప్తు కోసం ఎలా మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు. అమ్మే మొదలుపెట్టింది.